జీవశాస్త్ర పరిశోధనకు కోటి రూపాయలు ఇవ్వాలనుకుంటే

పరిశోధనకు సొంత డబ్బు ఇవ్వాలని ముందుకొచ్చే కుటుంబాలు, కంపెనీలు, ప్రవాసులు దాదాపు అందరూ మొదట అడిగే మాట: "ఏ మిషన్ కొనిపెట్టమంటారు?" మిషన్ కంటికి కనబడుతుంది, దానిమీద అమ్మానాన్నల పేరు వేయించవచ్చు. కానీ మన ల్యాబుల్లో చాలాచోట్ల కొరత మిషన్లది కాదు. దాన్ని నడిపే మనిషికి మూడో ఏడు జీతం ఉండదు, రీఏజెంట్లకు (ప్రయోగాల్లో వాడే రసాయనాలకు) మార్చి దాకా డబ్బు సరిపోదు, వారంటీ అయిపోయాక సర్వీసు కాంట్రాక్టు కట్టే దిక్కు ఉండదు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు అవుతుంది. అందుకే మా సలహా: డబ్బు మనుషులకు ఇవ్వండి, ఏళ్ల తరబడి ఇవ్వండి.

ముందు కోటి రూపాయలు ఎంతవరకు వస్తాయో లెక్కేద్దాం. 2023 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ రేట్ల ప్రకారం జేఆర్‌ఎఫ్‌కు (పీహెచ్‌డీ విద్యార్థికిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోషిప్) 42,000. హైదరాబాద్‌లో 30 శాతం హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) కలిపితే 48,100, 54,600 అవుతాయి. ఒక పీహెచ్‌డీ విద్యార్థికి రెండేళ్లు జేఆర్‌ఎఫ్, మూడేళ్లు ఎస్‌ఆర్‌ఎఫ్ అంటే 31 లక్షల 20 వేలు. ఒక పోస్ట్‌డాక్‌ను (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవారిని) రీసెర్చ్ అసోసియేట్ మొదటి మెట్టు 58,000తో తీసుకుని, తర్వాత 61,000, 67,000 చొప్పున ఏటా ఒక మెట్టు పెంచితే, హెచ్‌ఆర్‌ఏతో కలిపి మూడేళ్లకు 29 లక్షలు. ఇద్దరికీ కలిపి 60 లక్షల 20 వేలు. రీఏజెంట్లు, ప్లాస్టిక్ సామాను, సీక్వెన్సింగ్ కోసం ఏడాదికి 5 లక్షలు వేసుకుంటే ఐదేళ్లకు 25 లక్షలు. మాలిక్యులర్ బయాలజీ ల్యాబుకు ఇది పొదుపు లెక్కే. సంస్థకు ఓవర్‌హెడ్ (కరెంటు, అకౌంట్ల లాంటి ఉమ్మడి ఖర్చు) 10 శాతం, అంటే 8 లక్షల 50 వేలు. మొత్తం 93 లక్షల 70 వేలు. మిగిలే 6 లక్షల 30 వేలు ఎక్కడికి పోతాయో చివర్లో చెబుతాం. కోటి అంటే ఇద్దరు మనుషులు, ఒక ప్రశ్న, ఐదేళ్లు. అందులోంచి 40 లక్షలు మిషన్‌కు తీసేస్తే మనిషి ఒకరే మిగులుతారు.

"అసలు అలాగే ఉండాలి, వడ్డీతో నడవాలి" అని కార్పస్ పెట్టాలనుకునే వాళ్లూ ఎక్కువే. 7 శాతం వడ్డీ వస్తుందనుకుంటే కోటికి 7 లక్షలు. ధరల పెరుగుదలకు కొంత వెనక్కి వేసి, నిజంగా ఖర్చుపెట్టగలిగేది 4 లక్షలు. ఒక్క జేఆర్‌ఎఫ్‌కే ఏడాదికి 5 లక్షల 77 వేలు కావాలి. కాబట్టి కోటితో కార్పస్ వద్దు. అయిదారు కోట్లు దాటాకే దాని గురించి ఆలోచించండి. అప్పుడు కూడా ఇది కార్పస్ కోసమే అని దాత రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే ట్రస్టు లెక్కల్లో అది మామూలు ఆదాయం కింద పడుతుంది.

మనిషికి పెట్టిన డబ్బు ఎక్కడిదాకా పోతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా ప్రయాణానికి ఆసరా అయినవి మామగారు సమకూర్చిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం. అక్కడ ఎవరూ ల్యాబు కట్టలేదు, ఒక మనిషిని పంపారు.

డబ్బు ఎవరిదో ముందు తేల్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ గోల జరిగేది ఇక్కడే. ఒకే ఇంట్లో అన్నకు ఇండియా పాస్‌పోర్టు, తమ్ముడికి అమెరికా పాస్‌పోర్టు ఉంటే ఇద్దరి విరాళానికి దారులు వేరు. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత పొదుపులోంచి మామూలు బ్యాంకు దారిలో ఇస్తే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డు ఉన్నవారు విదేశీ పౌరులే, వారిచ్చేది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కిందికి వస్తుంది. అమెరికాలోని మీ సంఘం ద్వారా పంపినా అంతే.

ఎఫ్‌సీఆర్‌ఏ డబ్బు తీసుకునే సంస్థకు రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. డబ్బు మొదట ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థకున్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోనే పడాలి. ఊళ్లోని బ్యాంకు ఖాతా నంబరుకు నేరుగా పంపితే అది నేరం అవుతుంది. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదలాయించడం కూడా నిషిద్ధం. "మా ఊరి ట్రస్టుకు పంపుతాం, వాళ్లు ల్యాబుకు ఇస్తారు" అనే ఏర్పాటు అక్కడే ఆగిపోతుంది. పని చేసే సంస్థకే నేరుగా పంపండి. కొత్త ట్రస్టు పెట్టి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలంటే మూడేళ్లు నడిచి ఉండాలి, ఆ మూడేళ్లలో అసలు పనులమీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. పార్లమెంటు లేదా శాసనసభ చట్టంతో ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరిగా ఉన్న సంస్థలకు 2020 జనవరి నుంచి ఎఫ్‌సీఆర్‌ఏ మినహాయింపు ఉంది. మీరు ఇవ్వబోయే విశ్వవిద్యాలయం అందులోకి వస్తుందో లేదో ఫైనాన్స్ ఆఫీసర్‌ను రాతపూర్వకంగా అడగండి.

కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బుకు దారి సులువే, కాలమే చిక్కు. కంపెనీల చట్టం షెడ్యూల్ ఏడులోని తొమ్మిదో అంశం కింద ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాలకు, ఐఐటీలకు, సీఎస్‌ఐఆర్, ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) లాంటి వాటి కింద ఉన్న జాతీయ సంస్థలకు ఇవ్వవచ్చు. మన దగ్గర సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఎన్‌ఐఏబీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం అలాంటివే. కానీ సీఎస్‌ఆర్ ప్రాజెక్టు మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్లలో ముగియాలి. పీహెచ్‌డీ ఐదేళ్లు. ఆ గడువు ముగిసే సరికి విద్యార్థి ఇంకా దారిలోనే ఉంటాడు. అందుకని సీఎస్‌ఆర్ డబ్బుతో పోస్ట్‌డాక్‌లకు, టెక్నీషియన్లకు జీతాలివ్వండి, పీహెచ్‌డీ విద్యార్థిని కుటుంబం డబ్బుతో తీసుకోండి. సీఎస్‌ఆర్ డబ్బును కార్పస్‌కు ఇవ్వకూడదు, 2021 జనవరి 22 నుంచి అది ఖర్చు కింద చెల్లదు. ఇంకొక అపోహ కూడా ఉంది. అయిదు శాతం పరిపాలన ఖర్చు పరిమితి కంపెనీ తన ఆఫీసులో సీఎస్‌ఆర్ పనికి పెట్టే ఖర్చుకు వర్తిస్తుంది. ప్రాజెక్టు నడపడానికి సంస్థకు అయ్యే నేరు ఖర్చుకు దాన్ని అడ్డం పెట్టకండి. కరెంటు, ఏసీ, అకౌంట్ల గుమస్తా, జంతుశాల లేకుండా ల్యాబు లేదు.

పన్ను సంగతి క్లుప్తంగా. పరిశోధన సంస్థలకిచ్చే విరాళంమీద 175 శాతం మినహాయింపు 2017 మార్చితో పోయింది, 150 శాతం 2020 మార్చితో పోయింది. ఇప్పుడున్నది 100 శాతమే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. ఇంకా 175 శాతం వస్తుందనో, ఇచ్చినదాంట్లో కొంత నగదుగా తిరిగిస్తామనో ఎవరైనా చెబితే అది మోసం, అక్కడినుంచి లేచి రండి. నగదుగా 2,000 దాటి ఇస్తే మినహాయింపు రాదు. సంస్థ మీ పేరిట విరాళ ధ్రువపత్రం (పాత చట్టంలో ఫారం 10బీఈ) ఇవ్వాలి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గనుక రశీదుమీద ఏ నంబరు ఉండాలో మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి.

ఎవరికి ఇవ్వాలో ఎలా తేల్చాలి

తెలిసిన ప్రొఫెసర్‌కు ఇవ్వడం సులువే గానీ, తెలిసినంత మాత్రాన ప్రశ్న మంచిది కాదు. ముగ్గురు బయటి శాస్త్రవేత్తల చేత చదివించండి. అందులో ఇద్దరు వేరే రాష్ట్రంవాళ్లు, రోగుల డేటా ఉంటే ఒకరు స్టాటిస్టిక్స్ వాళ్లు. వాళ్లకు గౌరవ పారితోషికం ఇవ్వండి, దరఖాస్తుదారుతో గత ఐదేళ్లలో కలిసి పేపరు రాయలేదని సంతకం తీసుకోండి. దరఖాస్తు నాలుగు పేజీలు దాటనివ్వకండి. ప్రశ్న ఏమిటి, శాంపిల్స్ ఎన్ని, ఆ సంఖ్య ఎలా వచ్చింది, ఫలితం అనుకున్నట్టు రాకపోయినా మనకు ఏం తెలుస్తుంది. ఈ చివరి ప్రశ్నకు జవాబు లేని దరఖాస్తును పక్కన పెట్టండి. ఇంత యంత్రాంగం మీకు కుదరకపోతే సొంతంగా మొదలుపెట్టకుండా, ఎంపిక పద్ధతి ఇప్పటికే ఉన్న సంస్థతో కలవండి. హైదరాబాద్ కేంద్రంగా నడిచే డీబీటీ-వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ 2008 నుంచి శాస్త్రవేత్తకే ఫెలోషిప్ ఇచ్చే పద్ధతిని ఇక్కడ నిలబెట్టింది. వాళ్ల నియమావళి చదివితే చాలా పొరపాట్లు ముందే తప్పుతాయి.

సంస్థను చూసేటప్పుడు చికిత్స, పరిశోధన ఒకే గడపలో ఉన్నాయేమో చూడండి. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కుటుంబం ఇచ్చిన అయిదెకరాల స్థలం, కోటి రూపాయలతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన కంటి సంస్థ ఇందుకు గొప్ప ఉదాహరణ. 2001 నుంచి అక్కడ కంటి అంచునుండే మూలకణాలను ఉమ్మనీటి సంచి పొరమీద పెంచి కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) దెబ్బతిన్నవాళ్లకు అతికించారు. తర్వాత 2012 నాటికి ల్యాబులో పెంచే అవసరమే లేని తేలిక పద్ధతి అక్కడినుంచే వచ్చింది. ఆపరేషన్ థియేటరూ కణాలను పెంచే గదీ పక్కపక్కన ఉంటే ఇలాంటి పని సాగుతుంది.

ఒక ఫ్రీజర్ కథ

అయినా పరికరమే ఇస్తామంటే, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌నే తీసుకుని చూడండి. కొత్తగా ఇచ్చినవాళ్లు ధర మాత్రమే కడతారు. దానికి విడిగా 16 ఆంపుల లైను, స్టెబిలైజరు, జనరేటర్ కనెక్షన్, వంతులవారీగా నడిచే రెండు ఏసీలు కావాలి. రోజుకు 10 నుంచి 20 యూనిట్లు తాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కంప్రెసర్ ట్రిప్ అవడానికి చాలాసార్లు కారణం వెనకున్న కండెన్సర్ ఫిల్టరులో పేరుకున్న దుమ్ము. నెలకోసారి దాన్ని తీసి కడిగితే చాలు, కానీ ఆ పని ఎవరిదో కాగితంమీద ఉండదు. తలుపు రబ్బరు మీద మంచు గడ్డకడితే తలుపు గట్టిగా పడదు, ఉష్ణోగ్రత నెమ్మదిగా ఎక్కుతుంది. లోహపు గరిటెతో గీరితే రబ్బరు తెగుతుంది, ప్లాస్టిక్ బద్దతోనే గీరాలి. అలారం ఫోన్‌కు వెళ్లేలా పెట్టాలి, ఆదివారం రాత్రి రెండింటికి ఫోనెత్తే మనిషి పేరు తలుపుమీద అతికించాలి. పక్కనే ఒక ఖాళీ ఫ్రీజర్ చల్లగా ఉంచుకోవాలి. పదేళ్లుగా రోగులనుంచి సేకరించిన శాంపిల్స్ ఒక్క రాత్రిలో కరిగితే ఏ డబ్బుతోనూ తిరిగి రావు. కాబట్టి ఏ పరికరమైనా ఇచ్చేటప్పుడు ధరతోపాటు ఐదేళ్ల సర్వీసు కాంట్రాక్టు, ఒక టెక్నీషియన్ జీతం కూడా కలిపి ఇవ్వండి. పన్ను మరిచిపోవద్దు. పరిశోధన సంస్థలకు పరికరాలమీదున్న 5 శాతం జీఎస్టీ రాయితీ 2022 జులై 18తో పోయింది, ఇప్పుడు చాలా పరికరాలకు 18 శాతం. పాత కొటేషన్ పట్టుకుని లెక్కేస్తే అక్కడే 13 శాతం తేడా వస్తుంది.

ఒప్పందంలో, వాయిదాల్లో

ఒప్పందం నాలుగు పేజీలు చాలు. ఎవరు, ఎన్నేళ్లు, ఏ పద్దుకు ఎంత అన్నది రాయండి. పద్దుల మధ్య 20 శాతం దాకా దాతను అడగకుండా మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వండి. ఇది లేకపోతే ఎంజైముల ధర పెరిగిన ప్రతిసారీ ఉత్తరాలు నడుస్తాయి. పీఐ (ప్రాజెక్టు నడిపే ప్రధాన శాస్త్రవేత్త) వేరే సంస్థకు వెళ్లిపోతే మిగిలిన డబ్బు ఏమవుతుందో, విద్యార్థి ఎవరి కింద కొనసాగుతాడో ముందే రాసుకోండి. పేటెంటు హక్కు, ఫలితాలు ప్రచురణకు ముందు ఆపే అధికారం దాత అడగకూడదు. అడిగితే అది విరాళం కాదు, కాంట్రాక్టు పరిశోధన. దానికి వేరే కాగితాలు కావాలి.

వాయిదాలు ఏడాది ముందుగా ఇవ్వండి. ఖర్చు చూపించాక ఇస్తామనడం విద్యార్థి జీతాన్ని ఆపడమే. మొదటి వాయిదాను మాత్రం రెండు ముక్కలు చేయండి. నియామకానికి వెంటనే, రీఏజెంట్లకు అనుమతులు వచ్చాక. రోగులతో పని ఉంటే ఎథిక్స్ కమిటీ, జంతువులతో ఉంటే జంతు ఎథిక్స్ కమిటీ, జన్యుమార్పిడి ఉంటే సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ అనుమతి కావాలి. ఆరోగ్య పరిశోధనకు విదేశీ డబ్బు వస్తుంటే ఐసీఎంఆర్‌లోని ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ దాకా ఫైలు వెళ్లాలి. దీనికి నెలలు పడుతుంది, ప్రాజెక్టు తేదీలను దాన్ని బట్టే వేసుకోండి. ప్రభుత్వ సంస్థల్లో కొనుగోలుకూ ఆర్నెల్లు పట్టడం మామూలే.

చిన్న మొత్తంతో పెద్ద మేలు చేసే పద్ధతి ఒకటుంది, దాతలు దాన్ని తరచూ మరిచిపోతారు. ప్రభుత్వ ఫెలోషిప్ విడుదల ఆలస్యమైన నెలల్లో విద్యార్థి అద్దె ఎలా కడతాడు? సంస్థలో 10 లక్షల తిరుగుడు నిధి పెడితే, నెలకు 48,100 చొప్పున అయిదుగురికి నాలుగు నెలలు నెట్టుకురావచ్చు. దాన్ని ఫెలోషిప్ అని రాయకండి, ఒకే నెలకు రెండు ఫెలోషిప్‌లు తీసుకున్నట్టు ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. వడ్డీ లేని అడ్వాన్సు అని రాసి, బకాయి రాగానే తిరిగి జమచేస్తానని సంతకం తీసుకోండి.

ఇక ఆ మిగిలిన 6 లక్షల 30 వేలు. ఐదేళ్లకు పీహెచ్‌డీ పూర్తికావడం అరుదు. ఒక ప్రయోగం మళ్లీ చేయమని రివ్యూయర్ అడుగుతాడు, థీసిస్ రాయడం ఆరో ఏట్లోకి జారుతుంది, సరిగ్గా అప్పుడే జీతం ఆగిపోతుంది. ఆర్నెల్ల ఎస్‌ఆర్‌ఎఫ్ అంటే 3 లక్షల 28 వేలు. దాన్ని ఒప్పందంలో ఆ విద్యార్థి పేరుమీదే విడి పద్దుగా రాసి, వేరే దేనికీ కదలనివ్వకండి. మిగతా 3 లక్షలు పేపరు ప్రచురణకు, ఒక సదస్సు ప్రయాణానికి సరిపోతాయి.