బడి పక్కన సెల్ టవర్: అభ్యంతరం ఎప్పుడు, ఎక్కడ, ఎలా చెప్పాలి

ప్రాథమిక పాఠశాల ప్రహరీని ఆనుకున్న స్థలంలో పునాది గుంత తవ్వి, ఇనుప చువ్వలు దించిన తరువాత గాని అది సెల్ టవర్ అని ఊరికి తెలియకపోవడం మన దగ్గర మామూలే. స్థలం యజమానికీ టవర్ కంపెనీకీ మధ్య అద్దె ఒప్పందం అప్పటికే అయిపోయి ఉంటుంది. అందువల్ల స్థలం కొలవడానికి మనుషులు వచ్చిన రోజే, ఫలానావారి జాగా అద్దెకు వెళ్తోందన్న మాట చెవిన పడిన రోజే పని మొదలుపెట్టాలి. కాంక్రీటు పడకముందు అయితే స్థలం మార్చుకోవడం కంపెనీకి పెద్ద భారం కాదు. సిగ్నల్ మొదలయ్యాక స్థానిక అధికారి చేతిలో కూడా పెద్దగా ఏమీ ఉండదు. రేడియేషన్ ఫిర్యాదుల మీద టవర్‌కు కరెంటు తీసేయడం, సీలు వేయడం తమ సమ్మతి లేకుండా చేయవద్దని టెలికాం శాఖ 2013లోనే రాష్ట్రాలకు సూచించింది.

అర్జీ రాసే ముందు చట్టం ఏమి చెబుతోందో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే లేని నిబంధనను ఉటంకించిన అర్జీ మొదటి రోజే పలచబడిపోతుంది. బడికి ఇన్ని మీటర్ల లోపు టవర్ పెట్టరాదన్న దేశవ్యాప్త నిషేధం లేదు. 2012 నవంబరులో రాజస్థాన్ హైకోర్టు బడులు, ఆసుపత్రులు, ఆటస్థలాల నుంచి టవర్లు తొలగించాలని ఆదేశించిన మాట నిజమే గాని, ఆ తీర్పును ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అధికారులు తప్పనిసరిగా పాటించనక్కరలేదు; కేరళ, మద్రాసు వంటి ఇతర హైకోర్టులు ఆరోగ్య హాని రుజువు కాలేదన్న వైపే మొగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011 మే నెలలో రేడియో తరంగాలను 2బి వర్గంలో, అంటే క్యాన్సర్ కారకం కావచ్చునేమో అన్న జాబితాలో చేర్చింది. ఆ మాటను ఉన్నదున్నట్లు రాయవచ్చు; ‘టవర్ వస్తే పిల్లలకు క్యాన్సర్ వస్తుంది’ అని రాయరాదు. అలా రాసిన వాక్యం ఒక్కటి చాలు, మిగతా అర్జీ మొత్తాన్ని పక్కన పెట్టడానికి అధికారికి సాకు దొరుకుతుంది.

రేడియేషన్ గురించి మాట్లాడదలిస్తే అంకెలతో మాట్లాడాలి. అంతర్జాతీయ పరిమితిలో పదో వంతును మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి పరిమితిగా పెట్టింది. ఆ లెక్కన సిగ్నల్ తరంగ పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 దగ్గర 0.9 వాట్లు దాటరాదు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. యాంటెన్నా తన శక్తిని బల్బులాగా అన్ని వైపులకూ సమానంగా వెదజల్లదు, టార్చిలైటులాగా ముందుకు పంపుతుంది. ముప్పై మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాను ఆరు డిగ్రీలు కిందికి వంచితే ఆ ప్రధాన కిరణం నేలను తాకేది దాదాపు 285 మీటర్ల దూరంలో. కాబట్టి ప్రహరీ పక్కన ఉన్న టవర్‌ను రెండు వీధుల అవతలికి నెట్టించిన ఊరు, తెలియకుండానే ఆ కిరణాన్ని తరగతి గదుల మీదికి తెచ్చుకునే అవకాశం ఉంది. దూరం ఒక్కటే అడగకుండా, యాంటెన్నాలు ఏ దిక్కుకు, ఎంత ఎత్తున ఉంటాయో చూపే పటం అడగాలి. రెండంతస్తుల బడికి ఎదురుగా ఉన్న డాబా మీద పెట్టే టవర్ విషయంలో ఇది మరింత ముఖ్యం: యాంటెన్నాకు ఎదురుగా అదే ఎత్తులో ఉన్న కట్టడానికి, ఒక యాంటెన్నా అయితే 20 మీటర్లు, రెండైతే 35, నాలుగైతే 45, ఆరైతే 55 మీటర్ల కనీస దూరాన్ని టెలికాం శాఖ తన మార్గదర్శకాల్లో సూచించింది. టేపు పట్టి కొలిచిన దూరం, ఫొటో, ఈ అంకె మూడూ ఒకే కాగితం మీద ఉంటే ఎన్ని నినాదాలైనా దానికి సాటిరావు.

నా అంచనాలో అంతకంటే బలమైన అభ్యంతరాలు రెండు ఉన్నాయి. జనం వాటిని తరచుగా మరిచిపోతారు. మొదటిది డీజిల్ జనరేటర్. బడుల చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించే అధికారం 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చాయి. అక్కడ పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40 దాటరాదు. 2017 సవరణ తరువాత ప్రభుత్వం ప్రకటిస్తేనే ఆ హోదా వస్తుంది గనుక, మీ బడికి అది ఉందో లేదో ముందుగా తెలుసుకోవాలి. లేకపోయినా పొగ, మోత, డీజిల్ నిల్వ, ప్రహరీ అవతల పిల్లల ఆటస్థలం అన్న నాలుగు మాటలు కాలుష్య నియంత్రణ మండలికి రాయదగినవే. రెండోది కట్టడం బలం. పాత డాబా మీద టవర్ పెడుతుంటే స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువపత్రం ఉండాలి. ప్రైవేటు స్థలంలో టవర్‌కు స్థానిక సంస్థ అనుమతికి బదులు ముందస్తు సమాచారం సరిపోతుందని, టవర్లు, కేబుళ్లు వేసుకునే అనుమతులకు సంబంధించిన కేంద్ర ‘మార్గ హక్కు’ (రైట్ ఆఫ్ వే) నిబంధనలకు 2022లో వచ్చిన సవరణ చెప్పినప్పటికీ, భవనం వివరాలనూ ఆ ధ్రువపత్రాన్నీ జతచేయాలన్న షరతు పెట్టింది. 2025 జనవరి 1 నుంచి కొత్త మార్గ హక్కు నిబంధనలు అమల్లోకి వచ్చాయి గనుక, కంపెనీ ఏ నిబంధన కింద, ఏ తేదీన, ఏ కాగితం ఇచ్చిందన్నది రాతపూర్వకంగా అడగాలి.

అడగడానికి సాధనం సమాచార హక్కు చట్టం. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. కంపెనీ ఇచ్చిన సమాచార లేఖ, జతపరచిన పత్రాలు, పంచాయతీ తీర్మానం ఉంటే దాని నకలు అని విడివిడిగా రాయాలి. జవాబుకు 30 రోజుల గడువు ఉంది, పునాది అంతవరకు ఆగదు. కాబట్టి దరఖాస్తు వేసిన రోజే పంచాయతీ కార్యదర్శికి లేదా మున్సిపల్ కమిషనర్‌కు అభ్యంతర పత్రం కూడా ఇచ్చి, నకలు మీద అందినట్లు ముద్ర, సంతకం, తేదీ వేయించుకోవాలి.

అభ్యంతరం ఎవరి పేరుతో వెళ్తుందన్నది కూడా ముఖ్యమే. ఒక్కరు రాస్తే స్థలం యజమానితో పాత తగాదా అని కొట్టిపారేస్తారు. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు. ఆ కమిటీ సమావేశమై, మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి, దాని నకలును అర్జీకి జతచేస్తే అది బడి మాట అవుతుంది. ప్రధానోపాధ్యాయుడు ప్రభుత్వ ఉద్యోగి, ఆయనను ధర్నాకు పిలవడం సబబు కాదు. తీర్మానాన్ని మండల విద్యాధికారికి (ఎంఈఓ) పంపించమని కోరితే చాలు. సోమవారం తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టర్‌కు అర్జీ ఇచ్చి నంబరు తీసుకోవాలి. తీగలు కోయడం, గేటుకు తాళం వేయడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. టెలికాం పరికరాలకు నష్టం కలిగిస్తే 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం కింద 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

టవర్ ఇప్పటికే నడుస్తుంటే 2017లో మొదలైన టెలికాం శాఖ ‘తరంగ్ సంచార్’ వెబ్‌సైటులో దాని రేడియేషన్ పరిమితికి లోబడి ఉన్నట్లు నమోదైందో లేదో చూడవచ్చు. 4,000 రూపాయలు కట్టి కొలత కోరితే టెలికాం శాఖ సిబ్బంది వచ్చి కొలుస్తారు. పై అంతస్తు గదిలో, వరండాలో, ఆటస్థలంలో కూడా కొలవమని ముందే రాసి ఇవ్వాలి. అంకె పరిమితికి చాలా తక్కువగా వస్తే దానిని ఊరికి ఉన్నదున్నట్లు చెప్పాలి. దాచిపెట్టిన కమిటీని తరువాత జనరేటర్ విషయంలో కూడా ఎవరూ నమ్మరు.

చర్చకు కంపెనీ ప్రతినిధి వస్తే, ఊరి బయట మరో రెండు స్థలాలు సర్వే నంబర్లతో సహా చూపించగలిగి ఉండాలి, ఎందుకంటే ఆ సిగ్నల్ మనకూ కావలసిందే. స్థలం మారదని తేలితే జనరేటర్ బదులు బ్యాటరీలు, బడి వైపు కాక మరో దిక్కుకు తిప్పిన యాంటెన్నాలు, పిల్లలు ఎక్కలేని కంచె, బడి వేళల్లో లారీలు రాకపోవడం అన్నవాటిని ఒప్పందంగా రాయించుకుని, కంపెనీ ముద్ర వేయించిన ఒక ప్రతిని బడి రికార్డులో, ఒకటి పంచాయతీలో ఉంచాలి.