ర్యాస్ కనిపించకపోతే ఇసుక తవ్వకండి

నెల్లూరు వైపు ఉప్పునీటి అక్వేరియం పెట్టేవాళ్లకు ఒక అనుకూలం ఉంది. సెలినిటీ (నీళ్లలో ఉప్పు మోతాదు) అంటే ఏమిటో, నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్ ఆగితే ఏమవుతుందో రొయ్యల చెరువులున్న ఇంట్లో ఎవరిని అడిగినా చెబుతారు. మెలనూరస్ ర్యాస్ అనే సముద్రపు చేపను పెంచడానికీ ఆ తెలివి పనికొస్తుంది. ఈ చేప అలవాట్లు తెలియక జరిగే నష్టమే ఎక్కువ.

రాత్రి వదిలాం, పొద్దున్నే లేదు

చాలామందికి మొదటి టెన్షన్ ఇదే. ఈ జాతి ర్యాస్ ఇసుకలో దూరి నిద్రపోతుంది, భయపడినా అక్కడికే పోతుంది. పైగా పడమటి పసిఫిక్ నుంచి వచ్చిన చేపకు మన పగలూ రాత్రీ వెంటనే అలవాటు కావు. మనకు మధ్యాహ్నం మూడు గంటలప్పుడే దానికి పొద్దుగూకి ఉండొచ్చు. కొత్తలో రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం దాకా బయటికి రాదు.

చచ్చిపోయిందేమోనని ఇసుక కెలికితే దాక్కున్న చేపను మళ్లీ భయపెట్టినట్టే, అడుగున పేరుకున్న మురికీ నీళ్లలో కలుస్తుంది. చేప చచ్చి కుళ్లితే నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది కాబట్టి అమ్మోనియా టెస్ట్ చేయండి. సున్నా చూపిస్తూ, నీళ్లు వాసన రాకపోతే ఆగండి. లైటు తగ్గించి, రోజూ ఒకే వేళకు కొంచెం మేత వేయండి.

ఇసుక సన్నగా, రెండు మూడు అంగుళాల మందాన ఉండాలి. పెన్న ఇసుక ఊరికే దొరుకుతుందని కొందరు పోస్తారు. అందులోని గరుకు రేణువులకు చేప ఒళ్లు గీసుకుపోతుంది. సన్నటి అరగొనైట్ ఇసుక (పగడపు ఇసుక) కొనుక్కోవడమే మేలు.

నేల మీద పడి ఉంది

ర్యాస్‌లు ఎగురుతాయి. రాత్రి కరెంటు పోయి లైటు ఒక్కసారిగా ఆరినా, మరో చేప తరిమినా చాలు. నా మొదటి చేప ఫిల్టర్ పైపు కోసం మూతలో వదిలిన సందులోంచే పోయింది, ఇప్పటికీ బాధే. ఆరు మిల్లీమీటర్ల కన్నుండే నెట్ ఫ్రేముకు బిగించి, పైపుల చుట్టూ కూడా మూసేయండి. గాజు మూతకంటే నెట్ మంచిది, వేడి నిలవదు.

ఎండాకాలంలో పైకొచ్చి రొప్పుతోంది

రోహిణి కార్తెలో ఇది తప్పకుండా చూస్తాం. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఈ చేపకు 24 నుంచి 27 డిగ్రీలు బాగుంటుంది, 30 దాటితే కష్టం. నీటి మీదికి ఫ్యాన్ పెడితే కొంత తగ్గుతుంది కానీ మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి దాన్నే నమ్ముకోకండి. నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనగలిగితే కొనండి. బ్యాటరీ ఏరేటర్ మాత్రం ఇంట్లో ఉండి తీరాలి.

ఫ్యాన్ వల్ల ఇంకో చిక్కు వస్తుంది. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. తగ్గినంత మేర ఉప్పునీళ్లు కాదు, ఆర్‌ఓ నీళ్లు పోయండి. ఉప్పు ఎంతుందో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీని 1.025 దగ్గర ఉంచండి. మైపాడు బీచ్ నుంచి సముద్రపు నీళ్లు తెచ్చేవాళ్లు వానాకాలంలో ప్రతిసారీ ఉప్పు కొలవాలి. పెన్నకు వరదొస్తే తీరం దగ్గర ఉప్పు పలచబడుతుంది. చెరువు దగ్గర వాడిన మీటరైతే మంచినీళ్లతో కడిగాకే ట్యాంకు నీళ్లు కొలవండి.

తింటోంది, అయినా పొట్ట లోపలికి పోయింది

పగలంతా రాళ్ల మీద ఏరుకు తినే చేప ఇది. రోజుకు ఒక్కసారి మేత చాలదు, రెండు మూడు సార్లు కొంచెం కొంచెం వేయాలి. హ్యాచరీ నుంచి తెచ్చిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న జీవి) పిల్లలు రొయ్య పిల్లలకు సరిపోతాయి కానీ పది సెంటీమీటర్ల ర్యాస్‌కు మరీ చిన్నవి. ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు) ఇవ్వండి. మందులేవీ కలపని పచ్చి రొయ్యను సన్నగా తరిగినా ఇష్టంగా తింటుంది.

ఒంటి మీద తెల్ల చుక్కలు

చేపను వేరే ట్యాంకుకు మార్చి రాగి మందుతో వైద్యం చేయాలి. ఆ మందు మెయిన్ ట్యాంకులో పోస్తే పగడాలు, రొయ్యలు చస్తాయి. వైద్యం చేసే ట్యాంకులో ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఇసుక పోసి పెట్టండి, పడుకునే చోటు లేకపోతే ర్యాస్ బెంగపడుతుంది. పగడపు ఇసుక రాగిని పీల్చేసుకుంటుంది కాబట్టి ఇక్కడ మాత్రం కడిగిన సన్నటి సిలికా ఇసుక వాడండి.