అపార్ట్‌మెంట్ గ్రూపు చర్చలో చెప్పిన మాటే మళ్లీ మళ్లీ రాకుండా చూడడం

అపార్ట్‌మెంట్ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఎంతకీ తెగని చర్చ ఒకటుంది: మెయింటెనెన్స్ సొమ్మును ఫ్లాటుకు ఇంతని సమానంగా వసూలు చేయాలా, చదరపు అడుగుల లెక్కన వసూలు చేయాలా అని. అడుగుకు 3 రూపాయలనుకుంటే 1,100 అడుగుల ఫ్లాటుకు 3,300, 1,600 అడుగుల ఫ్లాటుకు 4,800 రూపాయలవుతుంది. లిఫ్టు, వాచ్‌మన్ అందరికీ ఒకటే కదా అని పెద్ద ఫ్లాటువారు, బయటి గోడల రంగుల ఖర్చు విస్తీర్ణాన్ని బట్టే పెరుగుతుంది కదా అని చిన్న ఫ్లాటువారు అంటారు. రెండు వాదాలూ సబబైనవే, కాని మొదటి సాయంత్రానికే రెండూ చెప్పడం అయిపోతుంది. ఆ తర్వాత వారం పాటు అవే మాటలు తిరుగుతుంటాయి.

అడ్మిన్ మొదట చేయవలసినది ఎవరినీ ఆపడం కాదు, రాసిపెట్టడం. తన మాటను ఎవరూ పట్టించుకోలేదన్న అనుమానమే మనిషి చేత దానిని పదిసార్లు చెప్పిస్తుంది. అందుచేత ఇరుపక్షాల కారణాలనూ చెప్పినవారి మాటల్లోనే వరుస సంఖ్యలతో రాసి, ఫ్లాటు నంబర్లు చేర్చి, ఆ సందేశాన్ని 7 రోజులకు పిన్ చేయాలి. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని 15 నిమిషాలు దాటాక సవరించలేము కాబట్టి, కొత్త కారణం వచ్చినప్పుడల్లా జాబితాను మళ్లీ పంపి, పాతదాని పిన్ తీసేయాలి. కొంచెం శ్రమే, కాని చర్చ నిలిచేది దీని మీదనే.

పాత మాట మళ్లీ వస్తే, "ఇది జాబితాలో 3వ అంశంగా ఉందండి, దీనికి చేర్చవలసిన లెక్క ఏదైనా ఉంటే చెప్పండి" అని ఒక్కసారి మర్యాదగా రాస్తే చాలు. అయినా ఆగకపోతే ఫోన్ చేయాలి, పెద్దవారైతే ఇంటికి వెళ్లి మాట్లాడాలి. నలుగురిలో మందలిస్తే విషయం పక్కకు పోయి పంతం మిగులుతుంది.

ఒకే మనిషి పదిసార్లు చెప్పడం వేరు, పదిమంది ఒకే మాట చెప్పడం వేరు. రెండోది తెలుసుకోవలసిన సంగతే, అయితే దానికి పోల్ పెట్టాలి. ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఎంచుకునే వీలును ముందే తీసేయాలి. పోల్ ఫోన్ నంబర్లను లెక్కిస్తుంది గాని ఫ్లాట్లను కాదు. భార్యాభర్తలిద్దరూ ఓటు వేసి ఉండవచ్చు కనుక పేర్లు చూసి ఫ్లాటుకు ఒకటిగా సరిచూసుకోవాలి. తీర్మానం మాత్రం సర్వసభ్య సమావేశంలోనే జరగాలి.

అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపే ఏర్పాటు, మాటలు తిట్లలోకి దిగిన రాత్రి తప్ప వాడకూడదన్నది నా అభిప్రాయం. అడ్మిన్‌కే ఒక పక్షం ఉంటే జాబితా రాసే పని మరొకరికి అప్పగించాలి. జాబితా ముగించాక ఎవరైనా కిందటిసారి రంగులు వేయించిన బిల్లు తెచ్చి చూపితే, అది కొత్త విషయమే కాబట్టి జాబితాను మళ్లీ తెరవాలి.