ఇంగ్లీషులో ‘కొంచెం’, ‘కొన్ని’ తేడా కొడుతుంటే: సమస్య - పరిష్కారం

పన్నెండేళ్లుగా హైదరాబాదులో మనవాళ్లు విదేశాలకు పంపే మెయిళ్లు, రిపోర్టులు దిద్దడమే నా పని. స్పెల్లింగు తప్పుల్ని కంప్యూటరే పట్టేస్తుంది. కాలాలు, ప్రశ్నలు వేసే పద్ధతి చాలామందికి బాగానే వచ్చు. అయినా మనం ఒకటి రాస్తే అవతలివాళ్లు ఇంకొకటి అనుకున్నారనే గొడవ వచ్చినప్పుడల్లా, తవ్వుకుంటూ పోతే అడుగున దొరికేది ఓ చిన్న మాటే: ‘ఫ్యూ’, ‘లిటిల్’, ‘బిట్’. ఆ వాక్యంలో వ్యాకరణం తప్పు ఉండదు, అందుకే ఎర్రగీత పడదు. అర్థం మాత్రం తిరగబడి ఉంటుంది.

కాబట్టి మొట్టమొదట ఒక్కటి చూడండి. ‘ఫ్యూ’కి గానీ ‘లిటిల్’కి గానీ ముందు ‘ఎ’ ఉందా, లేదా? రెండు సెకన్ల పని. ఇది చూడకుండానే ‘మన ఇంగ్లీషు వాళ్లకు అర్థం కావట్లేదండీ’ అంటూ వచ్చేస్తారు. ముందు అది చూసుకుని, ఆ తర్వాత కిందకు రండి.

వచ్చని చెబితే రాదనుకున్నారు

ఇంటర్వ్యూలో జావా వచ్చా అని అడిగితే అబ్బాయి ‘ఐ నో లిటిల్ జావా’ అన్నాడు. కొంచెం వచ్చు అని చెప్పానని అతని నమ్మకం. విన్నవాళ్లకు ‘పెద్దగా రాదు’ అని వినపడింది. ‘ఐ హావ్ ఫ్యూ క్వశ్చన్స్’ అని రాసిన అమ్మాయిదీ ఇదే కథ. అడగాల్సినవి కొన్ని ఉన్నాయని ఆమె ఉద్దేశం. అడగడానికి పెద్దగా ఏమీ లేదని చదువుకున్న అవతలి మనిషి జవాబే రాయలేదు.

కారణం: తెలుగులో ఆర్టికల్ లేదు. ‘ఒక కొన్ని’ అని మనం ఎప్పుడూ అనం కాబట్టి ఆ ‘ఎ’ నోట్లోంచి జారిపోతుంది. ఇంగ్లీషులో ‘ఎ ఫ్యూ’, ‘ఎ లిటిల్’ అంటే ఉన్నాయి, ఉంది అని చెప్పడం. ‘ఎ’ తీసేస్తే లేవు, లేదు అనే వైపుకు మొగ్గుతుంది.

సరిచేయడం: ఈ తేడా తెలుగులో లేదనుకోకండి. మనం దాన్ని మాట చివర ‘ఏ’ పెట్టి చెబుతాం. ‘కొందరు వచ్చారు’, ‘కొందరే వచ్చారు’ పక్కపక్కన పెట్టి పైకి అనండి. మొదటిదానిలో వచ్చినవాళ్లు కనిపిస్తారు, రెండోదానిలో ఖాళీ కుర్చీలు కనిపిస్తాయి. తెలుగు బైబిల్లో మత్తయి 22:14 చూడండి, ‘పిలువబడినవారు అనేకులు, ఏర్పరచబడినవారు కొందరే’ అని ఉంటుంది. ఇంగ్లీషులో అక్కడ ఉన్నది ‘ఎ’ లేని ఒట్టి ‘ఫ్యూ’. 1940 ఆగస్టు 20న చర్చిల్ పార్లమెంటులో యుద్ధ విమానాల పైలట్ల గురించి ‘సో ఫ్యూ’ అన్నదీ అలాంటిదే: ఇంత కొద్దిమందే అంతమందిని కాపాడారని. ఆ పైలట్లకు ‘ది ఫ్యూ’ అన్న పేరే నిలిచిపోయింది.

అంటే మీ తెలుగు వాక్యం ‘కొన్ని’తో ఆగితే ‘ఎ’ పెట్టండి. ‘కొన్నే’ అనాలనిపిస్తే తీసేయండి. ఒక్క ‘ఓన్లీ’ వస్తే మాత్రం ‘ఎ’ ఉండి తీరాలి, ‘ఓన్లీ ఎ ఫ్యూ’ అనే అంటారు. ఇంకో మాట. ఒట్టి ‘ఫ్యూ’, ఒట్టి ‘లిటిల్’ మామూలు మాటల్లో కాస్త పుస్తకాల భాషలా ఉంటాయి. ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్నవాళ్లు ఎక్కువగా ‘నాట్ మెనీ’, ‘నాట్ మచ్’, ‘హార్డ్లీ ఎనీ’ అంటారు. తక్కువ అని చెప్పాల్సి వస్తే మీరూ ఇవే వాడండి, ‘ఎ’ గొడవే ఉండదు.

‘ఫ్యూ వాటర్’, ‘ఫ్యూ రైస్’

కారణం మన ఇంట్లోనే ఉంది. తెలుగులో నీళ్లు, పాలు, బియ్యం అన్నీ బహువచనాలే. ‘కాసిని నీళ్లు’, ‘బియ్యం అయిపోయాయి’ అంటాం. ఇంగ్లీషులో ఇవి లెక్కకు రానివి కాబట్టి ‘ఎ లిటిల్ వాటర్’, ‘ఎ లిటిల్ రైస్’. ఆఫీసులో పట్టించేవి మాత్రం ‘ఇన్ఫర్మేషన్’, ‘అడ్వైస్’, ‘లగేజ్’. వీటికి చివర ‘స్’ తగిలించవద్దు, ముందు ‘ఫ్యూ’ పెట్టవద్దు. ‘సమ్’ అంటే లెక్కకు వచ్చేవాటికీ, రానివాటికీ సరిపోతుంది.

‘ఎ’ ఉంది, అయినా అర్థం తిరగబడింది

దీని దెబ్బ నేను తిన్నాను. ఒక శుక్రవారం సాయంత్రం ఇంగ్లాండు కస్టమరు నుంచి మెయిల్ వచ్చింది: ‘వి హావ్ ఫౌండ్ క్వైట్ ఎ ఫ్యూ ఎర్రర్స్’. టీమువాళ్లు నన్నే అడిగారు, ఏమంటున్నారండీ అని. ‘చాలా కొద్దిగా ఉన్నాయట, సోమవారం చూసుకోవచ్చు’ అని నేనే చెప్పి పంపేశాను. సోమవారం పొద్దున జత చేసిన ఫైలు తెరిస్తే 64 వరుసలు. మొదటి వరుసలోనే బిల్లు మొత్తం తప్పు. మేము రెండు రోజులు నిమ్మళంగా కూర్చున్నామని వాళ్లకు కోపం వచ్చింది, అది న్యాయమైన కోపమే. మూడు రాత్రులు టీములోని పిల్లలు ఆఫీసులోనే ఉండిపోయారు. భాష వచ్చని నమ్మి నన్ను అడిగినవాళ్లకు నేను చెప్పిన జవాబు వల్ల అలా జరిగింది. ఆ ఫైలు తెర మీద ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఎక్కడ పొరపడ్డాను? ‘క్వైట్’ అంటే ‘చాలా’ అని బళ్లో నేర్చుకున్నాను. ‘ఎ ఫ్యూ’ అంటే ‘కొన్ని’. రెండూ కలిపితే ‘చాలా కొన్ని’, అంటే చాలా తక్కువ. కూడిక మన లెక్కలో సరిగ్గానే ఉంది, ఇంగ్లీషులో మాత్రం ఈ మాటలు అలా కూడవు. ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే ‘చాలానే’. చిన్న మాట ముందు నిలబడి ‘క్వైట్’ దాన్ని పెద్దది చేస్తుంది. పైగా మొదటి పరీక్షలో ఇది దొరకదు. ‘ఎ ఉందా?’ ‘ఉంది.’ ‘అయితే కొన్ని ఉన్నాయి’ అనుకుని ముందుకు వెళ్లిపోతాం. నేనూ అలాగే వెళ్లిపోయాను.

దీని చుట్టాలు ఇంకా ఉన్నాయి. ‘క్వైట్ ఎ బిట్’ అంటే బాగా ఎక్కువ. ‘క్వైట్ ఎ వైల్’ అంటే చాలాసేపు, ఒక్కోసారి చాలా ఏళ్లు. బ్రిటన్‌వాళ్లు ‘ఎ గుడ్ ఫ్యూ’ అంటారు, అదీ ఎక్కువే. రాతలో ‘నాట్ ఎ ఫ్యూ’ కనిపిస్తుంది, అదీ ఎక్కువే.

పట్టుకునే ఉపాయం: మనం ‘పెళ్లికి జనం తక్కువేం రాలేదు’ అంటాం. అది విని పెళ్లికి ఎవరూ రాలేదని ఏ తెలుగువాడూ అనుకోడు. ‘ఫ్యూ’, ‘బిట్’, ‘వైల్’ ముందు ‘క్వైట్ ఎ’ కనిపించిన చోటల్లా ‘తక్కువేం కాదు’ అని పెట్టి చదవండి. తప్పులు తక్కువేం కాదు, ఆలస్యం తక్కువేం కాదు. వెంటనే దారిలో పడుతుంది. మీరే రాస్తున్నప్పుడు, నిజంగా తక్కువ అనాలంటే ‘వెరీ ఫ్యూ’ గానీ ‘జస్ట్ ఎ ఫ్యూ’ గానీ రాయండి, ‘క్వైట్’ జోలికి వెళ్లకండి. దీనికి ఎదురు మాట ‘ప్రెషస్ ఫ్యూ’. ఇక్కడ ‘ప్రెషస్’ అంటే విలువైన అని కాదు, ‘మరీ’ అని. ‘ప్రెషస్ లిటిల్ టైమ్’ అంటే సమయం దాదాపు లేనట్టే.

‘ఎ బిట్’ అన్నారు కదా అని ఊరుకుంటే

మంచి మనసుతో చెప్పినా ప్రమాదకరమైన మాట ఇది. ఇంగ్లీషువాళ్లు, అందులోనూ బ్రిటన్‌వాళ్లు, చెడ్డ కబురును చిన్న మాటలో చుట్టి చెబుతారు. 1982 జూన్ 24న ఇండోనేషియా మీద అగ్నిపర్వతం బూడిదలోకి బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం వెళ్లి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ ప్రయాణికులకు మైకులో ‘వి హావ్ ఎ స్మాల్ ప్రాబ్లమ్’ అని మొదలుపెట్టి, తర్వాతి వాక్యంలో ఇంజన్ల సంగతి చెప్పాడు. ఇంజన్లు మళ్లీ అందుకుని విమానం క్షేమంగా దిగింది. 1951 ఏప్రిల్‌లో కొరియాలో ఇమ్జిన్ నది దగ్గర చైనా సేనలు చుట్టుముడుతున్న బ్రిటిష్ దళాల పరిస్థితిని బ్రిగేడియర్ బ్రోడీ అమెరికన్ జనరల్‌కు ‘ఎ బిట్ స్టికీ’ అని వివరించాడనీ, ఆ జనరల్ పరవాలేదన్నమాట అనుకున్నాడనీ చెబుతారు. ఆ దళాల్లోని గ్లాస్టర్‌షైర్ బెటాలియన్‌లో ఎక్కువమంది చైనా సేనలకు బందీలయ్యారు. వినేవాడిదీ ఇంగ్లీషే, అయినా జారింది.

సరిచేయడం: తప్పు గురించో, ఆలస్యం గురించో, అసంతృప్తి గురించో ‘ఎ బిట్’, ‘స్లైట్లీ’, ‘ఎ లిటిల్’ వస్తే దాన్ని కొలతగా తీసుకోకండి. ఎన్ని, ఏ తేదీ లోపల, దేనివల్ల ఏం ఆగింది అని అడగండి. ‘వి ఆర్ ఎ బిట్ డిసపాయింటెడ్’ వచ్చిన రోజున మెయిల్‌తో సరిపెట్టకుండా ఫోన్ చేయండి.

‘లిటిల్ అడ్జస్ట్ ప్లీజ్’

మన ‘కొంచెం’ చాలాసార్లు కొలత కాదు, మర్యాద. ‘కొంచెం ఆ పెన్ను ఇస్తారా’ అంటే సగం పెన్ను అడగట్లేదు కదా. ఇంగ్లీషులో ఆ పని ‘కుడ్ యు’ చేస్తుంది. ‘లిటిల్’ తీసేసి అది పెట్టండి.

‘టూ త్రీ డేస్’

రెండు మూడు, ఐదారు అని జంటగా అనడం మన అలవాటు. వాళ్లు మధ్యలో ‘ఆర్’ పెడతారు. ‘ఓ పది రోజులు’కు ‘అబౌట్ టెన్ డేస్’. ‘ఎ కపుల్’ అంటే రెండు, వదులుగా వాడితే మూడు వరకూ. గడువు విషయంలో మాత్రం ఈ మాటలేవీ వద్దు, తేదీ రాయండి.

అరుదుగా వచ్చేవి

‘ఇంకా తక్కువ’ అనడానికి ‘లెస్’ అనాలా, ‘ఫ్యూవర్’ అనాలా అన్న గొడవ వాళ్లలో వాళ్లకే తెగలేదు. లెక్కపెట్టగలిగితే ‘ఫ్యూవర్’ రాసి ముందుకు పోండి. ‘పించ్ ఆఫ్ సాల్ట్’ వంటలో వస్తే చిటికెడు ఉప్పే, మాటల్లో వస్తే ఆ సంగతి పూర్తిగా నమ్మవద్దని. ‘హ్యాండ్‌ఫుల్’ గుప్పెడు, మనుషుల లెక్కలో నలుగురైదుగురు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు పిల్లల బడి నుంచి ‘ఎ బిట్ ఆఫ్ ఎ హ్యాండ్‌ఫుల్’ అని చీటీ వస్తే, మీవాడి అల్లరి పట్టలేకపోతున్నామని టీచరు మర్యాదగా చెబుతున్నారు. ఆ వారంలోనే వెళ్లి మాట్లాడండి.