నిద్ర నేర్చుకుందాం – 3వ పాఠం: మధ్యాహ్నం కునుకు

రాత్రి నిద్ర సంగతి కిందటి రెండు పాఠాల్లో చూశాం. పెద్దవాళ్లకి కనీసం 7 గంటలు కావాలి, రోజూ ఒకే వేళకి లేవాలి. ఈసారి పగటి కునుకు. ఒక్క హెచ్చరిక: రాత్రి పక్క మీద చేరాక గంటసేపు దొర్లినా నిద్ర పట్టనివాళ్లు దీని జోలికి రావద్దు. ముందు రాత్రి నిద్ర దారిలో పడాలి.

ఎండాకాలంలో ఒంటిగంట దాటితే మన ఒడిశా బరంపురం బజార్లో షట్టర్లు ఒక్కొక్కటే దిగుతాయి. మళ్లీ ఎండ వాలాకే తీస్తారు. పై ఊరివాళ్లు దీన్ని బద్ధకం అంటే నాకు బాధేస్తుంది. మే నెలలో మనకి అయిదుంపావుకల్లా తెల్లారిపోతుంది. రాత్రి ఉక్కపోతకి పొద్దుపోయేదాకా నిద్ర పట్టదు. ఆ లోటు ఎక్కడో ఒకచోట తీరాలి కదా. పగటి నిద్ర కూడదనే ఆయుర్వేదం కూడా, రాత్రులు చిన్నవని గ్రీష్మంలో మాత్రం ఒప్పుకుంది.

మధ్యాహ్నం మత్తుకి పఖాళనో (ఒడియావాళ్ల చద్దన్నం) తరవాణి అన్నాన్నో తప్పుపడతాం. కడుపునిండా తింటే మత్తు పెరిగే మాట నిజమే, కానీ ఏమీ తినకపోయినా ఆ వేళకి కళ్లు వాలతాయి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. దానికి తోడు, మనల్ని మెలకువగా ఉంచే శరీర గడియారం ఒంటిగంటకీ మూడింటికీ మధ్య కాస్త పట్టు సడలిస్తుంది. టీలోని కెఫీన్ అడినోసిన్‌ని తగ్గించదు. అడినోసిన్ కూర్చోవలసిన కుర్చీలో తను కూర్చుంటుంది, అంతే. తగ్గించేది నిద్రే.

ఎంతసేపు పడుకోవాలి? 20 నిమిషాలు. ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవలసింది ఇదే. మొదట పట్టేది తేలిక నిద్ర. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారతాం. అందులోంచి లేస్తే తల దిమ్ముగా, ఒళ్లు బరువుగా ఉంటుంది, చికాకు పుడుతుంది. పగలు పడుకుంటే పడదు అనేవాళ్లలో చాలామంది గంటసేపు పడుకుని లేచేవాళ్లే. దూరప్రయాణపు విమాన పైలట్లకి నాసావాళ్లు వంతులవారీగా 40 నిమిషాల విశ్రాంతి ఇచ్చి చూశారు. వాళ్లు నిద్రపోయింది సగటున 26 నిమిషాలే. అయినా దిగే వేళకి, కునుకు తీయనివాళ్లకంటే చురుగ్గా ఉన్నారు.

ఇక సాధన. భోజనం చేసి కాసేపు అటూ ఇటూ తిరిగాక, రెండింటిలోపు నడుం వాల్చండి. మూడు దాటితే మానేయండి, రాత్రి నిద్ర చెడుతుంది. మంచం వద్దు, లేవబుద్ధి కాదు. గచ్చు మీద చాప చాలు. తువ్వాలు తడిపి గట్టిగా పిండి కళ్ల మీద వేసుకుంటే చీకటీ చల్లదనమూ రెండూ దొరుకుతాయి. నిద్ర పట్టడానికి 5 నిమిషాలు కలిపి అలారం 25 నిమిషాలకి పెట్టి, ఫోన్ చేతికందనంత దూరంలో ఉంచండి. పడుకున్నాక దవడ చూసుకోండి. మనకి తెలీకుండానే పళ్లు బిగించి ఉంటాం. కింది దవడ వదిలేయండి, తర్వాత భుజాలు, తర్వాత అరచేతులు. నిద్ర పట్టిందా లేదా అని టెన్షన్ పడకండి, కళ్లు మూసుకుని కదలకుండా ఉన్నా అలసట కొంత తీరుతుంది. అలారం మోగగానే లేచి కూర్చుని, ముఖం కడుక్కుని వెలుతురులోకి రండి.

రాయగడ కాగితం మిల్లులాంటి చోట్ల నైట్ షిఫ్ట్ చేసేవాళ్ల లెక్క వేరు. డ్యూటీకి వెళ్లేముందు సాయంత్రం గంటన్నర పడుకోండి. తేలిక నిద్రలోంచి గాఢనిద్రకి వెళ్లి మళ్లీ తేలిక నిద్రకి వచ్చే ఒక చుట్టు దాదాపు అంతే కాబట్టి లేచాక దిమ్ము తక్కువ. పొద్దున షిఫ్ట్ దిగి బండి తీసేముందు మాత్రం దయచేసి ఆలోచించండి. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడిలాగే తడబడతాడని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన చట్టం బండి నడిపేవాళ్లకి పెట్టిన హద్దు 0.03. కళ్లు మండుతుంటే అక్కడే 20 నిమిషాలు కునుకు తీసి బయల్దేరండి. ఇంట్లోవాళ్లు ఆ మాత్రం ఆలస్యాన్ని ఓర్చుకుంటారు.

రాత్రి 8 గంటలు పడుకున్నా పగలు తూగుతూ, గట్టిగా గురక పెట్టేవాళ్లు ఇంట్లో ఉంటే కునుకుతో సరిపెట్టకండి. నిద్రలో ఊపిరి ఆగుతోందేమో డాక్టరుకి చూపించండి.

ఈ వారం రోజూ ఒకే వేళకి పడుకోండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, లేచాక తల ఎలా ఉంది, ఆ రాత్రి నిద్ర ఎప్పుడు పట్టింది, ఇవి నోట్‌బుక్‌లో రాయండి. లేచాక దిమ్ముగా ఉంటే మర్నాడు 5 నిమిషాలు తగ్గించండి. రాత్రి నిద్ర ఆలస్యంగా పడితే కునుకు అరగంట ముందే తీయండి. ఆ నోట్‌బుక్ జాగ్రత్త, పరీక్షల రోజుల్లో పిల్లల నిద్ర గురించిన 4వ పాఠంలో దానితో పని ఉంది.