ఒకే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ను ఇంట్లోని కంప్యూటర్లన్నిటికీ పంచడం ఎలా?

ఏదైనా కొనేముందు, కనెక్షన్‌తో పాటు బిగించిన పెట్టెను వెనక్కి తిప్పి చూడండి. లాన్ (LAN) అని రాసిన పోర్టులు మూడో నాలుగో ఉండి, వైఫై కూడా వస్తుంటే చాలావరకు అదే రౌటర్. కంప్యూటర్లను నేరుగా దానికే కలపండి; కొనాల్సినవి కేబుళ్లే.

ఒక్క పోర్టే ఉంటే సాధారణంగా అది ఉత్త మోడెమ్, అంటే బయటి లైన్‌ను ఇంట్లోకి అందించే పెట్టె మాత్రమే. అప్పుడు రౌటర్ కావాలి. చవక కదా అని నెట్‌వర్క్ స్విచ్ (కేబుల్ పోర్టులను పెంచే పెట్టె) తగిలిస్తే కుదరదు. ఇంటి కనెక్షన్‌కు మామూలుగా ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే అంకె) వస్తుంది. దాన్ని నలుగురూ వాడుకునేలా చేసేది రౌటరే. స్విచ్ పెడితే ఒక కంప్యూటర్‌కు నెట్ వచ్చి, రెండోది ఊరికే చూస్తూ ఉంటుంది.

1. రెండు పెట్టెలకూ కరెంటు తీసేయండి. మోడెమ్ కేబుల్‌ను రౌటర్ వాన్ (WAN) పోర్టులో, కంప్యూటర్ల కేబుళ్లను లాన్ పోర్టుల్లో పెట్టండి. ముందు మోడెమ్ ఆన్ చేసి, లైట్లు నిలకడగా వెలిగాక రౌటర్ ఆన్ చేయండి.

2. బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టండి. సరైన అడ్రస్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. కనెక్షన్‌కు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటే పీపీపీఓఈ (PPPoE) ఎంచుకుని అవి ఇవ్వండి. లేకపోతే డైనమిక్ ఐపీ. అన్నీ సరిగ్గానే ఉన్నా నెట్ రాకపోతే, ఇంతకుముందు మోడెమ్‌కు కలిపిన కంప్యూటర్ మ్యాక్ అడ్రస్‌కే (ఆ పరికరం సొంత గుర్తింపు సంఖ్య) కనెక్షన్ ముడిపడి ఉండవచ్చు. ఆ అడ్రస్‌ను కాపీ చేసుకునే మ్యాక్ క్లోన్ రౌటర్‌లో ఉంటుంది, అది వాడండి.

3. వైఫైకి డబ్ల్యూపీఏ2 (WPA2) లేదా డబ్ల్యూపీఏ3 (WPA3) భద్రత పెట్టండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. చాలామంది వదిలేసేది ఇదే.

4. దూరపు గదికి క్యాట్5ఈ (Cat5e) నెట్‌వర్క్ కేబుల్ లాగండి, 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. గోడలు అడ్డున్న చోట వైఫై కన్నా ఇదే నమ్మకం. లోపలి 8 తీగల్లో ఒక్కటి సరిగ్గా తగలకపోయినా గిగాబిట్ వేగం 100 ఎంబీపీఎస్‌కు పడిపోవచ్చు. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి లోపం ఎవరి కంటా పడదు.

పాత రౌటర్‌తో వైఫై పెంచుకోవాలంటే కాస్త జాగ్రత్త. అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఒక్క రౌటర్‌లోనే ఉండాలి, రెండూ పంచితే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. పాతదాన్ని ముందు ఒక్క కంప్యూటర్‌కే కలిపి డీహెచ్‌సీపీ ఆపేయండి. మొదటి రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి; ఆ అంకె మొదటిది పంచే వరుసలో లేకుండా చూసుకోండి. తర్వాత రెండింటినీ లాన్ పోర్టు నుంచి లాన్ పోర్టుకు కలపండి. వాన్ పోర్టు జోలికి వెళ్లొద్దు.

ఏ కంప్యూటర్‌కైనా 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, దానికి రౌటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. ముందు కేబుల్, ఆపైన డీహెచ్‌సీపీ చూడండి. అడ్రస్ బాగానే ఉండి అందరికీ ఒక్కసారిగా నెమ్మదిస్తే, ఎవరో పెద్ద ఫైళ్లు అప్‌లోడ్ చేస్తున్నారేమో అడగండి. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడూ కుంటుతుంది. రౌటర్‌లో క్యూఓఎస్ (QoS, ఎవరికెంత వేగమో నిర్ణయించే సెట్టింగ్) ఉంటే ఆ కంప్యూటర్ అప్‌లోడ్‌కు హద్దు పెట్టండి.