ఫోన్ కంపెనీ మారాక రెండు బిల్లులు వస్తుంటే: సమస్య - పరిష్కారం

ఇంటి ల్యాండ్‌లైన్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చాక రెండు చోట్ల నుంచీ బిల్లు వస్తే, వెంటనే కట్టేయకండి, పక్కన పడేయనూ వద్దు. రెండు బిల్లులూ ముందు పెట్టుకుని మూడు సంగతులు చూడండి: బిల్లింగ్ వ్యవధి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అకౌంట్ నంబరు ఏది, పాత బకాయి గడిలో ఎంతుంది. కారణం చాలావరకు అక్కడే తెలుస్తుంది.

పాత కంపెనీ ప్రతి నెలా పూర్తి అద్దె వేస్తోంది

ఎక్కువ మందికి ఎదురయ్యేది ఇదే. మొబైల్ నంబరు పోర్ట్ చేస్తే, అంటే అదే నంబరుతో కంపెనీ మారితే, పాత కంపెనీలో కనెక్షన్ దానంతటదే తెగిపోతుంది కాబట్టి, ఇంటి ఫోనూ అంతే అనుకుంటాం. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా అమల్లో ఉన్న ఆ పోర్టబిలిటీ మొబైల్ నంబర్లకే, ల్యాండ్‌లైన్‌కు లేదు. కొత్త ఫైబర్ వాళ్లు వచ్చి కేబుల్ లాగి, మోడెమ్ బిగించి వెళ్తారు. ఆ సంగతి పాత కంపెనీకి ఎవరూ చెప్పరు. మీరు ప్లగ్ పీకేసినా వాళ్ల లెక్కలో లైను నడుస్తున్నట్టే, ఎందుకంటే నెల అద్దె మీరు వాడినా వాడకపోయినా పడుతుంది.

బిల్లు కట్టడం మానేస్తే వాళ్లే తీసేస్తారులే అనుకోవద్దు. ముందు అవుట్‌గోయింగ్ ఆపుతారు, తర్వాత ఇన్‌కమింగ్. ఈలోగా అద్దె, ఆలస్య రుసుము పేరుకుని చివరికి వసూలు ఏజెంట్ నోటీసు వస్తుంది.

చేయాల్సింది సరెండర్, అంటే కనెక్షన్ వదులుకుంటున్నామని రాసిచ్చి మూయించడం. కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల సంతకంతో దరఖాస్తు, గుర్తింపు కార్డు నకలు, చివరగా కట్టిన బిల్లు, ఉంటే డిపాజిట్ రసీదు తీసుకెళ్లండి. బీఎస్‌ఎన్‌ఎల్ అయితే కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో ఇవ్వాలి. మోడెమ్ కంపెనీదైతే అడాప్టర్‌తో సహా తిరిగివ్వండి. అడాప్టర్ మరిచిపోయి పని ఆగిపోయేవాళ్లు చాలామంది. రసీదు మీద మూడు ఉండాలి: తేదీ, అభ్యర్థన నంబరు, మోడెమ్ సీరియల్ నంబరు. ఫోన్‌లో నోటిమాటగా చెప్పి వదిలేయకండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సేవా ప్రమాణాల ప్రకారం దరఖాస్తు ఇచ్చిన 7 రోజుల్లోపు కనెక్షన్ మూసేయాలి.

కనెక్షన్ చనిపోయిన తండ్రి పేరునో తాత పేరునో ఉండటం మన ఇళ్లలో మామూలే. అప్పుడు మరణ ధ్రువపత్రం, వారసుడి గుర్తింపు పత్రం అవసరమవుతాయి. యజమాని విదేశంలో ఉంటే, ఊళ్లో ఉన్నవాళ్ల పేరున సంతకం చేసిన అధికార పత్రం పంపమనండి. ఇంకా ఏ కాగితాలు కావాలో వెళ్లేముందే కనుక్కుంటే రెండోసారి తిరిగే పని ఉండదు.

సరెండర్ చేశాక ఒక్క బిల్లు వచ్చింది

ఇది సాధారణంగా తుది బిల్లు, తప్పు కాదు. లెక్క సరిచూసుకోండి. నెల అద్దె 499 రూపాయలు, 30 రోజుల నెలలో 12వ తేదీన మూసేస్తే 499ని 30తో భాగించి 12తో గుణించాలి: 199.60. దానిపై 18 శాతం జీఎస్టీ 35.93, మొత్తం 235.53. ఇందులోంచి డిపాజిట్ తగ్గించారా అన్నది తప్పక చూడండి. కొన్ని ప్లాన్లలో తెగిన నెలకు పూర్తి అద్దె ఉంటుంది. ఏడాది ప్లాన్లలో మిగిలిన నెలల డబ్బు తిరిగి రాకపోవచ్చు. అందుకే కొత్త లైను రెండు మూడు రోజులు బాగా పనిచేసిందని చూసుకుని, బిల్లింగ్ నెల ముగియడానికి వారం ముందు దరఖాస్తు ఇవ్వడం మేలు.

సరెండర్ చేసినా బిల్లులు ఆగలేదు

అభ్యర్థన మూసివేతగా కాక తాత్కాలిక నిలుపుదలగా నమోదై ఉండొచ్చు. మోడెమ్ జమ కాలేదని ఆపి ఉండొచ్చు. ఇంకోటి కూడా జరుగుతుంది: కస్టమర్ కేర్ నుంచి ఫోన్ చేసి ఒక నెల ఉచితమంటారు, మీరు సరే అంటే సరెండర్ అభ్యర్థన రద్దయిపోతుంది. అలాంటి ఫోన్ వస్తే ‘వద్దు, మూసేయండి’ అని తేల్చిచెప్పండి. రసీదు నకలు జతచేసి, మూసివేత తేదీ తర్వాతి అద్దెను జీఎస్టీతో సహా రద్దు చేయమని ఈమెయిల్ రాయండి.

కొత్త కంపెనీ నుంచే రెండు

మొదటి బిల్లులో గడిచిన రోజులూ రాబోయే నెల అడ్వాన్సూ కలిసి ఉంటే మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది, అంతే. అకౌంట్ నంబర్లు రెండు వేరుగా ఉంటే మాత్రం మీ దరఖాస్తు రెండుసార్లు నమోదైనట్టు. పనిచేస్తున్న కనెక్షన్ ఏ నంబరు మీద ఉందో అడిగి, రెండోది రద్దు చేయించండి.

బిల్లు లేదు, డబ్బు మాత్రం పోతోంది

పాత ఆటోపే బతికే ఉంది. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి ఆ మ్యాండేట్ (డబ్బు దానంతటదే తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) రద్దు చేయండి. ఖాతా నుంచి నేరుగా కట్ అవుతుంటే బ్యాంకులో రద్దు చేయించాలి. మ్యాండేట్ రద్దు చేసినంత మాత్రాన కనెక్షన్ మూసినట్టు కాదు, రెండూ విడివిడిగా చేయాల్సిందే.

ఎవరూ పట్టించుకోకపోతే

కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో ఫిర్యాదు చేసి, దానికిచ్చే డాకెట్ నంబరు తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పీలు అథారిటీకి రాయవచ్చు, రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులు తీసుకోదు కాబట్టి అక్కడికి రాసి రోజులు పోగొట్టుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం కేసులు అక్కడ వేయవచ్చని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. సేవకు మీరు చెల్లించిన మొత్తం 5 లక్షలలోపైతే ఫీజు లేదు. సరెండర్ రసీదు, తర్వాత వచ్చిన బిల్లులు, డాకెట్ నంబరు జతచేయండి.